సమ్మతి నౌకలో ఇటుకల విందు

సోమవారం

గోదావరి తీరం తరఫున వాతావరణ సభకు వెళ్ళే ప్రతినిధి రోజూ జరిగింది జరిగినట్టు రాసి ఊరికి పంపాలన్నది మా నియమం. ఈ ఏడు ఆ పని మల్లాడి హంసవేణి అనే నాకు పడింది. సభ జరిగేది సమ్మతి అనే ఓడలో. ఏ తీరానికి ఎక్కువ నష్టం జరిగితే ఆ తీరం ఎదుట లంగరు వేస్తుందది. ఈసారి అంతర్వేది ఎదుట వేశారు. గొప్ప గౌరవమే గాని, కోరుకోదగ్గది కాదు.

ఎక్కగానే అందరి చేతులకూ కంకణాలు తొడిగారు. పూర్వం దేశాలు సంతకాలు చేసి, ఇంటికెళ్ళి మరిచిపోయేవట. అందుకని ఇప్పుడు సంతకాల్లేవు. మనసులో నిజంగా ఒప్పుకుంటే కంకణం పచ్చగా వెలుగుతుంది, లేకపోతే ఎర్రగా. నోటితో ఏం చెప్పినా దానికి అనవసరం, నాడిని బట్టి చూస్తుంది. అందరివీ ఒకేసారి పచ్చగా వెలిగితేనే ఒప్పందం.

నేను తెచ్చిన ప్రతిపాదన చిన్నది. మా వైపు ఇప్పుడు ఏడాదిలో సగానికి పైగా వరదకాలమే. ఆ కాలమంతా జనం తుఫాను షెల్టర్లలోనే ఉంటారు. అక్కడ పెట్టేది ఒక్కటే పదార్థం. దాని పేరు పూర్ణాహారం. మేము ఇటుక అంటాం. కడుపు నింపుతుంది, ఏళ్ళ తరబడి పాడవదు, వండక్కర్లేదు కాబట్టి పొగ రాదు. ఒప్పందంలో తిండిని శక్తి లెక్కనే చూస్తారు, ఆ లెక్కన ఇటుక బ్రహ్మాండం. ఒంట్లో రక్తం పట్టడానికి ఏం కావాలో ఒప్పందంలో ఎక్కడా లేదు. షెల్టరు తిండిలో ఆకుకూర, పప్పు, గుడ్డో చేపో కూడా ఉండాలనీ, దానికి వాతావరణ నష్టనిధి నుంచి డబ్బివ్వాలనీ నా ప్రతిపాదన.

చదివి కూర్చోగానే ఒకే ఒక్క కంకణం భగ్గున ఎర్రబడింది. అది ఉత్తర మైదానాల ప్రతినిధి హోల్మ్ గారిది. మనిషి తాటిచెట్టంత ఎత్తు, మెత్తని స్వరం. ఆయన మాటను నా చెవిలోని అనువాద యంత్రం తెలుగు చేస్తుంది. ఆ యంత్రానికి తెలుగు నేర్పినవాళ్ళెవరో పాత పుస్తకాలు మాత్రమే వేసినట్టున్నారు.

"వాతావరణ సభయందు వంటకముల ప్రస్తావన యేల? ఇయ్యది వేరొక శాఖకు సంబంధించిన విషయము" అన్నారాయన.

"వానలు మారి పంట పోయింది, ఉప్పునీళ్ళొచ్చి పెరడు పోయింది. అది వాతావరణమే కదండీ? దాని తరవాతి మెట్టు కంచమే" అన్నాను.

"మా మైదానముల ధాన్యముతో చేసిన పూర్ణాహారము మీ తీరమునకు ప్రాణము పోయుచుండగా, మరల గుడ్ల యందు కోరిక యేల?"

ఆ తరవాత భోజన విరామం. హోల్మ్ గారు మూడు రకాల మాంసం, రెండు రకాల పాయసం తిని, బుట్టలో ఉన్న ఉడికించిన గుడ్లలోంచి ఒకటి తీసుకుని నా ఎదురుగానే ఉప్పు అద్దుకున్నారు. ఆయనకి అందులో వింతేం కనబడలేదు. అది కనబడకపోవడమే నాకు వింత.

మంగళవారం

పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. మా అక్క సత్యవేణి ఇక్కడికి కనుచూపు మేరలో ఉన్న షెల్టరులోనే ఉంది. ఏడో నెల. మాట్లాడటం మొదలెడితే మధ్యలో ఊపిరి కూడా తీసుకోదు.

"ఒసే హంసా, ఏంటే అక్కడ చేత్తన్నావ్? మొన్న నర్సమ్మొచ్చి రక్తం చూసి, తల అడ్డంగా తిప్పేసి, ఇంత తింటన్నావు గదమ్మా, రక్తమెక్కడికి పోతందీ అంటదేంటి! ఇటుక తింటే రక్తమెలా పడుద్దండీ, గోడ లేత్తది గాని అన్నాను. నవ్విందిలే. మెట్లెక్కితే కళ్ళు తిరుగుతున్నాయే. మీ బావైతే నా చుట్టూ కోడిపెట్టలాగా తిరుగుతున్నాడు. నీ ఓడలో ఏం పెట్టారు నిన్న? చెప్పకులే, చెప్పకు. చెప్పు."

నేను చెప్పలేదు. షెల్టరులో పొయ్యి వెలిగించకూడదు. పొగ నిషేధం. బయటి తిండి తెచ్చుకోకూడదు. తెచ్చుకుంటే పూర్ణాహారం చాల్లేదని అర్థం కాబట్టి మొత్తం సరుకే ఆపేస్తారు. బావ నూకరాజు పడవ మీద పట్టిన చేపంతా సంతకు పోవాల్సిందే. చేపలు పట్టేవాడి పెళ్ళాం చేపముక్క ఎరగదు.

సభలో మళ్ళీ చదివాను. మళ్ళీ ఎరుపే. అధ్యక్షురాలు అదోమా గారు దీవుల మనిషి, అరవై దాటిన ఆవిడ. "అమ్మాయీ, వాదనతో కంకణం రంగు మారగా నేనెప్పుడూ చూడలేదు" అని మెల్లగా చెప్పారు. మరి దేంతో మారుతుందని అడిగితే, "ఒకసారి పంటినొప్పితో మారింది" అన్నారు.

సాయంత్రానికి గాలి తిరిగింది. సముద్రం రంగు సీసంలా అయింది.

గురువారం

నిన్న రాయలేదు. ఒక చేత్తో మంచం కోడు, ఇంకో చేత్తో బకెట్టు పట్టుకున్నవాళ్ళు రాతపని చేయలేరు.

తుఫాను ఓడను ముంచలేదు గాని, కింది అంతస్తులో వంట సరుకుల గదిని ముంచింది. మాంసం, పాలు, కూరలు, ఆ గుడ్ల బుట్టలు, అన్నీ ఉప్పునీళ్ళపాలు. రేవు నుంచి పడవలు రాలేవు, గాలికి డ్రోన్లు ఎగరలేవు.

పొద్దున అదోమా గారు అందర్నీ పిలిచి, ఓడలో తినడానికి మిగిలింది ఒక్కటేనని చెప్పారు. పై అంతస్తులో ప్రదర్శనకని అందంగా గోపురంలా పేర్చిన ఇటుకలు. ఉత్తర మైదానాలవారే పెట్టారు, మధ్యలో చిన్న జెండా గుచ్చి.

హోల్మ్ గారు తొణకలేదు. "ఇది సంపూర్ణమైన ఆహారము. మనకు లోటు లేదు" అని ఒకటి తీసి గట్టిగా కొరికారు. నములుతూ నములుతూ చాలాసేపు కిటికీలోంచి సముద్రం వైపు చూశారు.

"ఎలా ఉందండీ?" అన్నాను.

"తృప్తికరము" అంది యంత్రం. ఆయన అసలు ఏమన్నారో గాని, ముఖం ఆ మాటకి సరిపోలేదు.

నాకు అలవాటే కాబట్టి నీళ్ళలో నానబెట్టుకుని తిన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నన్ను చూసి వాళ్ళూ నానబెట్టారు. నానితే రుచేం పెరగదు, పళ్ళు మాత్రం దక్కుతాయి.

శనివారం

గాలి తగ్గలేదు. అందరి కడుపులూ నిండే ఉన్నాయి. ఆ మాట నిజం. ఎవరూ ఆకలితో లేరు. కాని ఓడలో ఒక్కడి ముఖంలోనూ కళ లేదు. తిండి ముందు కూర్చుంటే నోరు మూసుకుపోతోంది, లేస్తే కడుపు రాయిలా ఉంటోంది. మరుగుదొడ్ల ముందు వరస ఉంది గాని కదలడం లేదు. లోపలికి వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే బరువుగా తిరిగొస్తున్నారు. సభలో ఎవరు లేచి నిలబడినా ప్రసంగానికో, ఆశతోనో తెలియడం లేదు.

నిన్న మధ్యాహ్నం సభామందిరంలో అలంకారానికి పెట్టిన తొట్ల మొక్కలు మాయమయ్యాయి. కాడలు మిగిలాయి. ఎవరని అడిగితే ఎవరూ ఒప్పుకోలేదు గాని, పర్వతదేశాల ప్రతినిధి పెదవి మీద ఆకు ముక్క ఉంది. ఆ మొక్క తినదగ్గదో కాదో వైద్యుడు పుస్తకంలో వెతికాడు. పర్వతదేశాల ఆయన్ని చూస్తే పరీక్ష కూడా అయిపోయినట్టే ఉంది. అరగంటలో ఆయన వరసను దాటుకుని పరిగెత్తాడు. మిగతావాళ్ళు ఆయన్ని అసూయగా చూశారు.

అక్క ఫోన్ చేస్తే ఇదంతా చెప్పాను. నవ్వలేక నవ్వలేక దగ్గొచ్చి ఆగింది. "పాపం ఆయన్ని నీళ్ళెక్కువ తాగమనవే. నాకు మొదట్లో అలాగే అయ్యేది. తరవాత ఒళ్ళే మరిచిపోద్దిలే" అంది.

ఆ చివరి మాట నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆదివారం

ఈ పూట పెద్ద సంగతి జరిగింది. నా ప్రతిపాదన మరోసారి చదువుతుంటే, "ఆకుకూర" అన్న మాట దగ్గర హోల్మ్ గారి కంకణం ఎరుపు తగ్గి నారింజకి వచ్చింది. "పప్పు" దగ్గర వెనక్కి వెళ్ళింది. "గుడ్డో చేపో" అనేసరికి ఒక్క క్షణం పచ్చగా మెరిసి ఆరిపోయింది.

ఆయన కంగారుపడి చేతిని బల్ల కింద దాచారు. కాని అందరూ చూశారు.

"మా ప్రజల ధాన్యము అమ్ముడుపోవలె. నేను వారికి బాధ్యుడను" అన్నారు నెమ్మదిగా. ఆ మాటలో నాకు మోసం కనిపించలేదు. నాకు అక్క ఎలాగో, ఆయనకు రైతులు అలాగ.

"మీ ధాన్యం వద్దనలేదండీ. అదీ ఉంటుంది. దాని పక్కన ఇంకొంచెం ఉండాలంటున్నాం. ఒక్క అన్నమే వడ్డించి విస్తరి నిండిందని ఎవరైనా అంటారా?" అన్నాను.

అదోమా గారు రేపు పొద్దున ఒప్పందం మీద ఆఖరిసారి అడుగుతానని ప్రకటించారు.

సోమవారం

జరిగింది జరిగినట్టు రాయాలి కాబట్టి ఇదీ రాస్తున్నాను.

తెల్లారేసరికి గాలి పడిపోయింది. సభకు బయలుదేరుతుంటే ఫోన్ మోగింది. బావ.

"ఏమ్మా మరదలా! వచ్చేత్తన్నాం! మీ వోళ్ళు ఇటుకలు తిని చచ్చిపోతన్నారంట గదా, షెల్టరోళ్ళకి పైనుంచి కబురొచ్చింది. అతిథులకి వండి పట్టుకెళ్ళండని. పండుగప్ప పులుసు, తోటకూర పప్పు, గుడ్లు, వేడన్నం. పెద్ద డేగిసాల్తో వత్తన్నాం. మీ అక్క కూడా ఉంది, వద్దంటే పడవెక్కేసింది."

హోల్మ్ గారి కంకణం ఇటుక పుణ్యమా అని పచ్చబడబోతోంది. ఇప్పుడా పులుసు వాసన కిటికీలోంచి లోపలికొస్తే? కడుపునిండా తిని, పాయసం గుర్తొచ్చి, "వేరొక శాఖ" అంటే?

"బావా, ఆగు" అన్నాను.

"ఆగడమేంటి?"

"ఇసుకమేట వెనకాల ఆపు. నేను చెప్పేదాకా రాకు. తనిఖీ ఉందిక్కడ."

ఫోన్ అక్క లాక్కుంది. "తనిఖీ ఏంటే? అన్నం చల్లారిపోద్ది! నాకిక్కడ ఎండ కొడతంది!"

"కాసేపే అక్కా" అని పెట్టేశాను.

సభలో అదోమా గారు ప్రతిపాదన మొత్తం చదివి, "ఒప్పుకుంటున్నారా?" అని అడిగారు. గోడ మీద ఒక్కో ప్రతినిధి కంకణం రంగును చూపే దీపాలు ఒక్కొక్కటే పచ్చగా వెలిగాయి. హోల్మ్ గారిది ఎర్రగా వణికి, నారింజకు వచ్చి, పచ్చబడి, నిలిచింది. సభంతా ఊపిరి పీల్చుకుంది.

కాని కంకణాల లెక్క చూసే యంత్రం "ఒప్పందం కుదరలేదు" అంది.

గోడ మీద ఒక్క దీపం ఎర్రగా ఉంది. అందరూ ఎవరిదా అని వెతికారు. నాదే.

"మీ ప్రతిపాదనకి మీరే ఒప్పుకోరా?" అన్నారు అదోమా గారు.

హోల్మ్ గారు నా వైపు తిరిగారు. "ఎంతటి విచిత్రము! కన్న బిడ్డను కాదనుచున్న తల్లిని నేడు గాంచితిని" అంది యంత్రం.

నేను లోలోపల కంకణాన్ని బతిమాలుకున్నాను. గుడ్డు తలుచుకున్నాను, పప్పు తలుచుకున్నాను, అక్క కడుపులో బిడ్డను తలుచుకున్నాను. అక్కను తలుచుకోగానే, ఎండలో పడవ మీద కూర్చుని ఉందని గుర్తొచ్చి, దీపం ఇంకా ఎర్రబడింది.

ఇక లాభం లేదు. లేచి నిలబడ్డాను.

"ఇసుకమేట వెనకాల ఒక పడవ ఉంది. అందులో మీ అందరికీ వేడన్నం, చేపల పులుసు ఉన్నాయి. మీ కడుపు నిండితే మనసు మారుతుందని భయపడి నేనే ఆపాను. ఆకలితో... ఆకలి కూడా కాదు, విసుగుతో ఒప్పించాలని చూశాను. అది నాకే నచ్చలేదు. పడవని రమ్మంటాను. తినండి. తిన్నాక కూడా మీకు ఇది సబబనిపిస్తేనే ఒప్పుకోండి."

ఆ తరవాత నేనన్నది ఎవరూ వినలేదు. "పులుసు" అన్న మాట అన్ని భాషల్లోకీ ఒకేసారి వెళ్ళినట్టుంది. కుర్చీలు పడ్డాయి. గోడ మీది దీపాలు రంగులరాట్నంలా తిరిగాయి. పర్వతదేశాల ఆయన కిటికీ ఎక్కాడు. హోల్మ్ గారు మాత్రం కదలకుండా నన్నే చూస్తున్నారు. ఆయన దీపం దొండపండులా ఎర్రగా ఉంది. కోపమది. న్యాయమైన కోపం.

పడవ వచ్చింది. అక్కను సరుకులెత్తే బుట్టలో, డేగిసాల మధ్య నిలబెట్టి పైకి లాగారు. ఒక చేత్తో తాడు, ఇంకో చేత్తో గరిటె పట్టుకుని, ఊరేగింపులో అమ్మవారిలా పైకొచ్చింది. ముఖం మాత్రం తెల్లకాగితంలా ఉంది. బుట్ట దిగీ దిగగానే నన్ను వదిలేసి ప్రతినిధుల మీద పడింది.

"వరసలో రండి బాబూ, వరసలో! ఏవండీ పెద్దాయనా, తోసుకోకండి, మీ అంత పొడుగోళ్ళకి దూరంనించైనా అందుద్ది! పప్పు ముందు, పులుసు తరవాత. ముల్లు చూసుకోండి!"

దేశాధినేతలనే ఎదుట చేతులు కట్టుకుని నిలబెట్టిన మనుషులు కంచాలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. అదోమా గారు మోచేతిదాకా పులుసు కార్చుకుంటూ తిన్నారు. తినేటప్పుడు ఎవరికీ అనువాదం అవసరం లేదు. అందరూ ఒకే శబ్దం చేశారు.

అందరికీ వడ్డించాక అక్క నీడ చూసుకుని ఓ మూల కూర్చుంది. సంచిలోంచి ఇటుక తీసి, విరుచుకుని, నీళ్ళలో ముంచింది.

హోల్మ్ గారు అటువైపు చూశారు. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. లేచి వెళ్ళి ఆమె ముందు నిలబడ్డారు.

"తల్లీ, నీవేల భుజింపవు?" అంది ఓడ గోడల్లోని స్పీకర్లలోంచి అనువాద యంత్రం.

అక్క నా వైపు తిరిగి, "ఏంటే, ఈయన నాటకంలో రాజుగారిలాగా మాట్లాడతన్నాడు!" అంది. తరవాత ఆయనతో, "మాకు అనుమతి లేదండి. పొయ్యి మీకోసమని వెలిగించుకోనిచ్చారండి. మేం తింటే షెల్టరుకి సరుకాపేత్తారండి. మీరు తినండి బాబూ, చల్లారిపోద్ది" అంది.

"ఇట్టి నియమమును విధించినది ఎవరు?"

అక్కకు తెలియదు. నాకు తెలుసు. "పోయిన సభలో మనమేనండీ. పొగ తగ్గించడానికి. ప్రతిపాదించింది మీరే, అప్పుడు మా తీరం కూడా ఒప్పుకుంది" అన్నాను.

ఆయన తన కంచం అక్క ముందుకు చాపారు. "నీవు భుజింపుము" అన్నారు. అక్క వద్దని చేతులు ఊపింది. ఆయన చాపారు, ఆవిడ ఊపింది. చివరికి ఆయన కంచం డెక్కు అంచున కమ్మీల పక్కన పెట్టి, పులుసు చేతులతోనే అదోమా గారి దగ్గరికి వెళ్ళారు.

"ఆ నిషేధమును కూడ తొలగించి ఇప్పుడు అడుగుము. ఇచ్చటనే" అన్నారు.

అదోమా గారు నోట్లో ముద్ద మింగి, లేచి, డెక్కు మీదే అడిగారు. చేతులన్నీ పైకి లేచాయి. పులుసు మరకల కింద కంకణాలు ఒక్కొక్కటే పచ్చగా వెలిగాయి. నాదీ వెలిగింది. ఒక్కటి మాత్రం ఎర్రగా కనిపించి అందరం కంగారుపడ్డాం. అది అధ్యక్షురాలిదే. తుడిచి చూస్తే పులుసు ఎరుపు. కింద పచ్చగానే ఉంది.

చప్పట్లు కొడుతుంటే అక్క నా కొంగు లాగింది. "ఒప్పుకున్నారా? మరి ఎప్పట్నించంట?"

"వచ్చే వరదకాలం నుంచి."

"వచ్చే ఏడా! అప్పటికి నా కడుపులోది బయటికొచ్చి పరిగెడతది గదే!"

ఆ మాట గోడల్లోని యంత్రం అన్ని భాషల్లోకీ అనువదించేసింది. చప్పట్లు ఆగిపోయాయి. ఎవరూ ఎవరి ముఖం చూడలేదు.

"నేటి నుండియే" అన్నారు హోల్మ్ గారు. ఈసారి కంకణాలకి అంతసేపు పట్టలేదు.

హోల్మ్ గారు గబగబా తన కంచం కోసం వెళ్ళారు, ఇప్పుడు అక్కకు ఇవ్వవచ్చు కదా అని. కంచంలో రెండు సముద్రకాకులు కూర్చుని ఉన్నాయి. ఆయన పరిగెత్తి డేగిసాల మూతలు తీశారు. ఒక్కొక్కటి తీసి, ఒక్కొక్కటి మూశారు. తోటకూర కాడ కూడా మిగల్లేదు. పోషకాహారం గురించి ప్రపంచం కుదుర్చుకున్న మొదటి ఒప్పందం దగ్గర నిలబడి, మేమందరం మూతులు తుడుచుకుంటున్నాం.

అంత పొడుగు మనిషీ తల వంచుకుని నిలబడితే, అక్కే ఆయన్ని ఓదార్చింది. "పర్లేదండి. ఖాళీ డేగిసాలు చూడ్డమే మాకు సంతోషం. తిన్నారు గదా." తరవాత నా దగ్గరికొచ్చి, చెవిలో, "నన్ను ఎండలో కూర్చోబెట్టినందుకు నీ సంగతి ఇంటి దగ్గర చెప్తాను" అని, డేగిసాలతో పాటు బుట్టలో దిగిపోయింది.

శుక్రవారం

సభ ముగిసింది. వెళ్ళేముందు హోల్మ్ గారు నా దగ్గరికి వచ్చి, వాళ్ళ మైదానాల్లో పప్పుధాన్యాలు పండుతాయా అని అడిగారు. పండుతాయో లేదో నాకు తెలియదన్నాను. "ప్రయత్నింతుము" అన్నారు. నేను పడవ ఆపిన సంగతి తాను మరిచిపోలేదని కూడా అన్నారు. నేనూ మరిచిపోలేదన్నాను. ఇద్దరం చేతులు కలిపాం.

కొత్త ఉత్తర్వు, సరుకు ఇవాళే షెల్టరుకు చేరాయి. మధ్యాహ్నం అటువైపు నుంచి సన్నగా పొగ లేచింది. ఓడలో ఎవరో ప్రమాదమని గంట కొట్టబోతే ఆపించాను. కాసేపటికి అక్క ఫోన్ చేసింది.

"అక్కా, వెలిగించారా? ఏం వండారు?"

జవాబు లేదు.

"అక్కా? వినపడతందా? నర్సమ్మ వచ్చిందా? బావ చేప పంచుతున్నాడా? మాట్లాడవేంటి?"

"ఆగవే" అంది అక్క. "తింటన్నాను."

ఫోన్ చెవికి ఆనించుకుని, డెక్కు మీద నిలబడి, ఆమె నమలడం వింటూ ఉండిపోయాను.